ఇద్దరు బిచ్చగత్తెలు, ఒక గబ్బిలం

తెలుగు కథల్లో మరిచిపోలేని బిచ్చగత్తెలు ఇద్దరున్నారు. ఒకామె పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’లో రైలు పెట్టెలోకి వస్తుంది. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకున్న కథ అది. రెండో ఆమె చాసో (చాగంటి సోమయాజులు) రాసిన ‘ఎంపు’లో పెళ్ళీడుకొచ్చిన పిల్ల. ఇద్దరిదీ అడుక్కుతినే బతుకే. రెండూ గొప్ప కథలే. అయినా పాఠకుణ్ణి ఈ రెండు కథలూ ఒకే చోట నిలబెట్టవు. మనది కాని జీవితాన్ని సాహిత్యం మనకెలా అనుభవంలోకి తెస్తుందో తెలుసుకోవాలంటే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడం కంటే మంచి దారి లేదు.

‘గాలివాన’ అంతా రావుగారి మనసులోంచి నడుస్తుంది. ఆయన నియమాల మనిషి. ఏది తప్పో ఏది ఒప్పో, ఇంట్లో ఎవరు ఎలా మసలుకోవాలో అన్నీ ముందే తేల్చి పెట్టుకున్నవాడు. రైల్లో ఆ బిచ్చగత్తెను చూసి చిరాకు పడతాడు. తుఫాను విరుచుకుపడి, చీకట్లో ఒంటరిగా భయంతో వణికిన రాత్రి ఆయనకు ఆసరా అయినది ఆమే. చదివేవాళ్ళు ఆయనతోపాటే చిరాకుపడి, ఆయనతోపాటే భయపడి, ఆయనతోపాటే కరుగుతారు. మరి ఆమె? ఆ గాలిలో ఆమె ఏమనుకుంది? రావుగారు ఆమె కళ్ళకెలా కనిపించాడు? ఆయనకు కనిపించినంతే మనకూ కనిపిస్తుంది. దీన్ని లోపమనడానికి వీల్లేదు. కథ రాసిందే ఆ దూరం గురించి. కాకపోతే ఇక్కడ పాఠకుడు చేసే ప్రయాణం ఒక మధ్యతరగతి పెద్దమనిషి గుండెలోకి. బిచ్చగత్తె బతుకు తలుపు మాత్రం మూసే ఉంటుంది.

‘ఎంపు’లో తలుపు తీసే ఉంటుంది. ముష్టెత్తుకునేవాళ్ళ ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తుంటాయి. పిల్లకు మొగుడిగా కుంటివాడు మేలా, గుడ్డివాడు మేలా? తండ్రి తరఫు వాదం గుడ్డివాడి వైపు మొగ్గుతుంది. గుడ్డివాణ్ణి చూస్తే జనం ఎక్కువ డబ్బులేస్తారు, పైగా పెళ్ళాం చెయ్యి పట్టుకుని నడిపిస్తే తప్ప కదలలేడు కాబట్టి చెప్పినట్టు వింటాడు. పిల్ల మనసు లెక్క వేరు. ఈ మాటలు మొదలుపెట్టిన రెండు నిమిషాలకే పాఠకుడు జాలిపడడం మరిచిపోతాడు. ఎవరు మేలో తనూ తూకం వేయడం మొదలుపెడతాడు. అవిటితనాన్ని ఆస్తిగా చూసే లోకంలోకి వచ్చిపడ్డానన్న సంగతి తర్వాతెప్పుడో తడుతుంది. తట్టాక ఇంకొకటి కూడా తడుతుంది. బెజవాడ ఏలూరు రోడ్డులోనో గుంటూరు బ్రాడీపేటలోనో పిల్లకు సంబంధం చూసేవాళ్ళు జీతం ఎంత, సైటు ఎక్కడ, అత్తగారి పోరు ఉంటుందా అని మాట్లాడుకునే మాటలు కూడా ఇవే. సరుకు మారింది, అంతే.

జాలికీ అనుభవానికీ ఉన్న తేడా ఇక్కడే ఉంది. జాలిపడేవాడు తన చోటు నుంచి కదలడు, ఉన్నచోటి నుంచే చెయ్యి చాపుతాడు. ఎదుటివాడి లెక్కలో పడిపోయినవాడు ఆ కాసేపైనా తన చోటు ఖాళీ చేస్తాడు. కన్నీళ్ళు అందరివీ ఒకటే. కష్టమొస్తే ధనవంతుడూ ఏడుస్తాడు, కూలీ ఏడుస్తాడు. అందుకే ఏడిపించడం ఏ రచయితకైనా తేలిక. రేపటి కోసం ఈ పూట దేన్ని వదులుకోవాలి, ఎవరితో తగవు పెట్టుకోవాలి, ఎవరికి వంగాలి అనే లెక్క మాత్రం ఒక్కొక్క జీవితానిది ఒక్కొక్క తీరు. మంచి రచయిత ఆ లెక్కను పట్టుకుంటాడు.

గుంటూరు మిర్చి యార్డునే తీసుకోండి. పేటల్లో ఉండేవాళ్ళకు అది పొరుగే. సీజన్లో ఆ ఘాటు ఊళ్ళోకి కూడా వస్తుంది. అయినా టిక్కీ (మిర్చి బస్తా) భుజానికెత్తుకునే ముఠా కూలీ, రోజంతా తొడిమలు తీసే ఆడమనిషి ఏ లెక్క మీద బతుకుతున్నారో ఆ పొరుగువాళ్ళకు తెలియదు. వాళ్ళను చూసి ‘పాపం’ అనుకోని మనిషి ఉండడు. వేళ్ళ మంట ఎన్నింటికి మొదలవుతుందో, మొదలయ్యాక కూడా పని ఎందుకు ఆపరో, ఆ మంట చేత్తో ఇంటికెళ్ళి చంటిబిడ్డను ఎలా ఎత్తుకుంటారో తెలిస్తే ఆ ‘పాపం’ అనే మాట నోటికి రాదు. అలాంటి వివరం ఒక్కటి నిజాయితీగా పడిందంటే పది పేజీల వర్ణన చేయలేని పని చేస్తుంది. డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’లో పందుల్ని కాసుకునే ముసలివాడు తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళతాడు. పంది పేరెత్తితే మొహం చిట్లించే పాఠకుడు కూడా ఆ రాత్రంతా దాన్ని కాపాడుకోవడం ఎలాగా అని ముసలివాడితో కలిసి ఆలోచిస్తూ కూర్చుంటాడు.

కావ్యశాస్త్రం రాసిన మన అలంకారికులు ఈ విషయాన్ని ఎప్పుడో ఆలోచించారు. వెయ్యేళ్ళ కిందటి కశ్మీర పండితుడు అభినవగుప్తుడు రసానుభూతికి, అంటే కావ్యం చదివినప్పుడు కలిగే అనుభవానికి, ఏడు విఘ్నాలు చెప్పాడు. సొంత సుఖదుఃఖాల్లో మునిగిపోయి ఉండడం వాటిలో ఒకటి. ఇది నాదే అనో, ఇది వాడిదే అనో బిగుసుకుని కూర్చోవడం మరొకటి. ఈ అడ్డంకులు తొలగితేనే కావ్యంలోని శోకం దుష్యంతుడిదో శకుంతలదో కాకుండా అందరిదీ అవుతుంది. సాధారణీకరణం అంటే ఇదే. ఇంత సూక్ష్మంగా పాఠకుడి మనసు గురించి ఆలోచించినవాళ్ళు లోకంలో తక్కువ.

అయినా ఈ సిద్ధాంతం సగం దూరమే తీసుకెళుతుందని చెప్పక తప్పదు. దేశం, కాలం, వ్యక్తి అన్న ప్రత్యేకతలు కరిగిపోతే రసం పుడుతుందని అది చెబుతుంది. ‘ఎంపు’లో ప్రత్యేకతలన్నీ కరిగిస్తే ఏం మిగులుతుంది? ఒక తండ్రి, ఒక పిల్ల, ఒక పెళ్ళి. చాసో బలమంతా కరగకుండా మిగిలిన గరుకులోనే ఉంది. పైగా సహృదయుడంటే ఎవరని పాతవాళ్ళు అనుకున్నారు? కావ్యాలు చదివి చదివి మనసు అద్దంలా తేటపడినవాడు. ఆ చదువు ఎవరికి దక్కిందన్న ప్రశ్న వాళ్ళకు రాలేదు. ఆ ప్రశ్న రావడానికి వినుకొండలో ఒక కవి పుట్టాల్సి వచ్చింది.

గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టారు. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర కాళిదాసు మేఘసందేశం చదువుకున్నారు. మూకీ సినిమాల రోజుల్లో రాజమండ్రిలో తెర పక్కన నిలబడి, బొమ్మల్లో నడిచే కథకు తగినట్టు మాటలు చదివే పని చేశారు. ఎవరెవరి జీవితాలకో గొంతు అరువిచ్చే పని. ఆ తర్వాత గుంటూరులో పంతులుగా చాలాకాలం పనిచేశారు. 1941లో ‘గబ్బిలం’ వచ్చింది. కాళిదాసు యక్షుడు మేఘంతో ప్రియురాలికి కబురు పంపితే, ఇక్కడ ఒక అస్పృశ్యుడు రాత్రివేళ తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి తన గోడు పంపుకుంటాడు. గబ్బిలం గుడిలోకి పోగలదు, మనిషి పోలేడు. కావ్యానికి పునాది అంతా ఈ ఒక్క నిజమే.

అందులో అందరికీ నోటికొచ్చిన పద్యం ఒకటుంది. గుడిలో వేలాడేటప్పుడు శివుడి చెవి నీకు దగ్గరగా ఉంటుంది, పూజారి లేని సమయం చూసి నా బతుకు కథ చెప్పుకో అని గబ్బిలాన్ని అడుగుతాడు. ఈ అడగడంలో ఎంత లెక్క ఉందో చూడండి. ఎక్కడ వేలాడాలో తెలుసు, ఎవరి చెవికి దగ్గరో తెలుసు, ఎప్పుడు మాట్లాడాలో తెలుసు. దేవుడు వింటాడా లేదా అన్న సందేహం లేదు. పూజారి ఉంటే విననివ్వడన్న సందేహమూ లేదు. లోపలికి ఒక్కసారి కూడా అడుగుపెట్టనివ్వని గుడి గురించి ఇంత వివరంగా ఆలోచించి పెట్టుకున్న మనిషి మనసు ఆ నాలుగు పాదాల్లో ఉంది.

చదివే మనిషి సంగతి చూద్దాం. 1941లో తేటగీతి పద్యం చదివి ఆనందించగలిగినవాళ్ళు ఎక్కువమంది గుడి లోపలికి పోగలిగినవాళ్ళే. మేఘసందేశం వాళ్ళకు తెలుసు. సందేశ కావ్యం అనగానే ఏం ఎదురుచూడాలో తెలుసు. జాషువా వాళ్ళను బాగా అలవాటున్న దారినే తీసుకెళ్ళారు. తెలిసిన పద్యమే, దూతతో కబురు పంపే పద్ధతే, దారి పొడుగునా అదే దేశ వర్ణన. తీసుకెళ్ళి, గుడి బయట నిలబెట్టారు. జీవితంలో ఎన్నడూ ఆ గడప బయట నిలబడనివాడు పద్యం పూర్తయ్యేసరికి అక్కడున్నాడు. లోపల తన మనిషే పూజారిగా ఉన్నాడు. తను ఆ పూజారి వెళ్ళిపోయే వేళ కోసం ఎదురుచూస్తున్నాడు. కొత్త జీవితాన్ని చూపించాలంటే కొత్త రూపమే కావాలని చాలామంది అనుకుంటారు. పాఠకుడికి ప్రాణప్రదమైన పాత రూపంలోంచే అతణ్ణి పరాయి ఇంటికి చేర్చవచ్చని రుజువు చేసిన కావ్యం ఇది.

ఇరవై ఏళ్ళ ముందే గుంటూరు సీమ నుంచి ఇంకో ప్రయత్నం జరిగింది. 1922లో వచ్చిన ‘మాలపల్లి’. ఉన్నవ లక్ష్మీనారాయణ బారిస్టరు, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్ళినవారు, గుంటూరులో ఆడపిల్లల చదువు కోసం శారదానికేతనం పెట్టినవారు. నవల జైల్లోనే రాశారు. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. మాల కుటుంబాన్ని నవలకు నడిమధ్య పెట్టి, ఈ ప్రాంతపు వాడుక మాటల్లో అంత పెద్ద కథ చెప్పడం ఆనాటికి సాహసమే. ఆ ఇంటి కొడుకు సంగదాసును భూస్వామి చౌదరయ్య చంపేసే ఘట్టం చదివిన రైతు కుటుంబాల వాళ్ళు తమ ఇంటి పెద్దల్ని చౌదరయ్యలో చూసుకుని ఉంటారు. అది చిన్న విషయం కాదు.

కానీ సంగదాసు తండ్రి రామదాసు నోట వేదాంతం వినిపించిన ప్రతిసారీ ఆ గొంతు ఎవరిదన్న అనుమానం వస్తుంది. రచయిత అతన్ని ఎంతో ప్రేమించారు. ఆ ప్రేమతోనే తనకు గౌరవమనిపించిన గుణాలన్నీ అతనికిచ్చారు. శాంతం, భక్తి, క్షమ. కోపాన్ని ఎక్కువగా మిగతావాళ్ళకు వదిలారు. పైవర్గపు పాఠకుడు రామదాసుకు నమస్కారం పెట్టగలడు, ఎందుకంటే రామదాసు అతను మెచ్చే మనిషి. ‘గబ్బిలం’లో మాట్లాడేవాడు మెప్పు కోరడు. ఎత్తిపొడుస్తాడు, నిలదీస్తాడు. ఉన్నవ పాఠకుణ్ణి ఆ ఇంటికి అతిథిగా తీసుకెళ్ళారు. జాషువాది ఆ ఇల్లే. బయటివాళ్ళు రాయకూడదని దీని అర్థం కాదు. ‘మాలపల్లి’ లేకపోతే తెలుగు నవల పేదదైపోయేది. బయటి నుంచి వచ్చిన రచయితకు మాత్రం ఒక ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. ఎదుటివాణ్ణి తనకు నచ్చేలా తీర్చిదిద్దుకోవడమే ఆ ప్రమాదం. పాఠకుడికీ అదే ప్రమాదం.

పరాయి జీవితం పుస్తకంలో ఉంటే చాలదు, పుస్తకం మనిషి దగ్గరకు చేరాలి. ఈ విషయంలో కృష్ణ ఒడ్డున జరిగిన కృషి తక్కువది కాదు. బెజవాడలో రామమోహన గ్రంథాలయం, 1914లో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో అక్కడే ఏర్పడిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, 1935లో పెదవడ్లపూడి నుంచి కాలువ మీద పాతూరి నాగభూషణం నడిపిన పడవ గ్రంథాలయం, ఇవన్నీ ఒకే కోరిక నుంచి పుట్టాయి. కాలువ గట్టున పల్లెలో ఉన్నవాడికి పడవ మీద పుస్తకం రావడమంటే తను ఎన్నడూ చూడని మనిషి ఇంటికొచ్చినట్టే. తెనాలికి చెందిన చక్రపాణి బెంగాలీ రచయిత శరత్ నవలల్ని తెలుగు చేశాక, బెంగాలీ వితంతువులు, జమీందారీ కొడుకులు, గంజాయి సన్యాసులు తెలుగు ఇళ్ళల్లో చుట్టాల్లా కలిసిపోయారు. శరత్ తెలుగు రచయితేననుకున్నవాళ్ళు ఎందరో. తర్వాత విశాలాంధ్ర పుస్తకాల దుకాణాల్లో చవగ్గా దొరికిన సోవియట్ తెలుగు అనువాదాలు రష్యా మంచునీ ఫ్యాక్టరీ కార్మికుల్నీ ఎండకు ఉడికిపోయే బెజవాడకు తెచ్చాయి.

దీనికి ఇంకో పక్క ఉంది. ఈ ప్రాంతం వాళ్ళు దాని గురించి అంతగా ఆలోచించలేదు. పత్రికలూ ప్రచురణ సంస్థలూ చాలాకాలం విజయవాడ కేంద్రంగా నడిచాయి. కృష్ణా గుంటూరుల మాటే అచ్చులో ‘మామూలు తెలుగు’ అయిపోయింది. కాబట్టి ఇక్కడి పాఠకుడు పుస్తకం తెరిస్తే తన ఇంటి మాటే వినిపించేది. పాలమూరు పిల్లవాడికో పలాస పిల్లవాడికో అలా కాదు. చదువు మొదలుపెట్టిన రోజు నుంచీ వాళ్ళు పరాయివాళ్ళ జీవితాన్ని పరాయివాళ్ళ యాసలో ఊహించుకుంటూనే పెరిగారు. ఆ శ్రమ వాళ్ళకు అలవాటు. కళింగాంధ్ర కథో, తెలంగాణ నవలో, చిత్తూరు మాటల్లో నడిచే పుస్తకమో చేతికొచ్చినప్పుడు ‘యాస ఎక్కువైంది, అర్థం కావట్లేదు’ అని ఇక్కడి పాఠకుడు విసుక్కోవడానికి కారణం భాష కష్టం కావడం కాదు. ఎదుటివాడి వైపు నడిచే పని తనకు ఎన్నడూ పడకపోవడం. నాలుగు పేజీలు ఓపిక పడితే ఆ యాసే అక్కడి లెక్కల్లోకి దారి చూపిస్తుంది. వాళ్ళు అన్నం గురించి, అప్పు గురించి, వాన గురించి మాట్లాడుకునే తీరులోనే వాళ్ళ బతుకు సగం ఉంది.

చదివితే మనుషులు మంచివాళ్ళవుతారా? 2013లో డేవిడ్ కిడ్, ఎమాన్యుయేల్ కాస్టానో ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. సాహిత్య విలువ ఉన్న కథల్ని కాసేపు చదివినవాళ్ళు, ఫోటోలో కళ్ళు మాత్రమే చూసి ఆ మనిషి మనసులో ఏముందో చెప్పే పరీక్షలో మెరుగ్గా నిలిచారని అందులో తేల్చారు. ప్రపంచమంతా సాహిత్యాభిమానులు సంబరపడ్డారు. తర్వాత వేరేవాళ్ళు అదే ప్రయోగం మళ్ళీ చేస్తే ఆ ఫలితం రాలేదు. పేరున్న పత్రికల్లో వచ్చిన 21 ప్రయోగాలను తిరిగి చేసి చూసి 2018లో ప్రకటించిన ఫలితాల్లో 13 నిలబడ్డాయి. నిలబడనివాటిలో ఇదొకటి. ఇందులో ఆశ్చర్యపోవలసింది లేదు. కాసేపట్లో ఒక కథ చదివి మనిషి మారిపోతాడనుకోవడం సాహిత్యాన్ని మాత్రగా చూడడమే.

దీనికి ప్రయోగశాల దాకా కూడా పోనక్కర్లేదు. ‘మాలపల్లి’, ‘గబ్బిలం’ పుట్టిన గుంటూరు జిల్లాలోనే 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపేశారు. అప్పటికి ‘గబ్బిలం’ వచ్చి యాభై ఏళ్ళు. ఆ పద్యాలు సభల్లో రాగయుక్తంగా వినిపించాయి, వన్స్‌మోర్లు కొట్టించుకున్నాయి. పద్యం విని చప్పట్లు కొట్టిన చేతులకూ ఊళ్ళో జరిగేదానికీ మధ్య ఏ వంతెనా పడలేదు. సాహిత్యం మీద ప్రేమ ఉన్నవాళ్ళు ఈ తేదీని పక్కన పెట్టుకుని మాట్లాడాలి. లేకపోతే సానుభూతి గురించి చెప్పే మాటలన్నీ తేలిపోతాయి.

చప్పట్లెందుకు సరిపోలేదో ఆలోచిస్తే ఒకటి తోస్తుంది. శ్రోతలు ‘గబ్బిలం’లో ఆ పేదవాడి గోడు వరకే విన్నారు. అతను తమను ఎలా చూస్తున్నాడో వినలేదు. పరాయి జీవితంలోకి వెళ్ళడమంటే వాళ్ళ కష్టం తెలుసుకోవడం ఒక్కటే అయితే అది పర్యాటకుడి పనే. అక్కడ నిలబడి వెనక్కి తిరిగి చూసినప్పుడు మన ఇల్లు ఎలా కనిపిస్తుందో తెలియాలి. దళితుల మీద జరిగిన 1985 కారంచేడు, 1991 చుండూరు దాడుల తర్వాత వచ్చిన దళిత కవిత్వం ఈ రెండో పని మీదే పట్టుబట్టింది. 1995లో ‘చిక్కనవుతున్న పాట’ సంకలనం వచ్చేనాటికి పాఠకుణ్ణి లోపలికి రమ్మని పీట వేసే మర్యాద పోయింది. ఆ కవితల్లో చాలావాటిలో ‘నువ్వు’ అంటే పాఠకుడే. దాంతో ఇన్నాళ్ళూ దళితుడి మీద సానుభూతి ఉందనుకున్నవాళ్ళు చాలామంది నొచ్చుకున్నారు. ఇది కవిత్వమేనా, తిట్లా అని వాదనలు నడిచాయి. నొచ్చుకోవడం కూడా అనుభవమే. ఎప్పుడూ చూసేవాడుగానే ఉన్న మనిషి మొదటిసారి చూడబడ్డాడు. అలా చూడబడడం ఎలా ఉంటుందో ఊరి చివర బతికేవాడికి పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు. ఆ కాస్త ఇబ్బందిలోనే పాఠకుడు అతని జీవితానికి, పాత కన్నీళ్ళన్నిటిలోకన్నా, దగ్గరగా వెళ్ళాడు.

ఈ దృష్టితో చూస్తే బళ్ళో జాషువాను చెప్పే తీరు మారాలి. తెలుగు వాచకాల్లో ఆయన పద్యాలు ఎప్పటినుంచో ఉన్నాయి. పరీక్షలో అడిగేవి ప్రతిపదార్థం, భావం, గణవిభజన. తేటగీతికి గణాలు గుర్తుపట్టడం రావాల్సిందే, అందులో తప్పేమీ లేదు. దాంతోపాటు ఇంకో రెండు ప్రశ్నలు వేయొచ్చు. పూజారి ఉన్నప్పుడే ఎందుకు చెప్పకూడదు? ఆ పూజారి ఈ పద్యం చదివితే తన గురించి ఏమనుకుంటాడు? గుంటూరులో ఏ ప్రభుత్వ బడిలోనైనా ఈ పద్యం చదివే తరగతిలో గుడి లోపలి నుంచి వచ్చిన పిల్లలూ ఉంటారు, గడప బయట నిలబడ్డ ఇళ్ళ పిల్లలూ ఉంటారు. మొదటి ప్రశ్నకు జవాబు గడప బయటి ఇళ్ళ పిల్లలకు ముందే తెలిసి ఉండవచ్చు. వాళ్ళు నోరు విప్పాలంటే పంతులు పద్యం చదివి భావం చెప్పేసి బోర్డు తుడిచేయకుండా కాసేపు ఆగాలి. గైడు పుస్తకంలో ఈ ప్రశ్నలకు జవాబులు దొరకవు కాబట్టి పిల్లలు ఒకళ్ళనొకళ్ళు అడిగి తెలుసుకోవలసి వస్తుంది.